నాలుగో వరసలో గొంతు

పోయినవారం తల్లినీ కూతుర్నీ రికార్డింగు స్టూడియో మెట్ల మీద వదిలి వచ్చాం. నలుగురు ఆడపిల్లల పాటల బృందం చెదిరిపోయి అప్పటికి నాలుగు నెలలు. కవలలిద్దరూ డాన్సు నేర్పే ఉద్యోగాల్లో కుదురుకున్నారు. పొడుగు అని అందరూ పిలిచే పిల్ల చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. మిగిలింది బుల్లి ఒక్కతే. శుక్రవారం సాయంత్రం అది మొట్టమొదటిసారి ఒంటరిగా వేదిక ఎక్కబోతోంది. నలుగురూ ఆఖరుసారి కలిసి పాడిన, బృందానికి పేరు తెచ్చిన పాటను ఇప్పుడు ఒక్క గొంతుతో మళ్ళీ తయారు చెయ్యాలి. అందుకే పొద్దున్నే బయలుదేరారు. రెండో అంతస్తుకు ఎక్కుతుండగా బుల్లి దగ్గింది. ఒక్కసారే. ఆ దగ్గు దగ్గరే కదా ఆగాం.

"ఏమైందే?" అంది తల్లి, ఎక్కబోయే మెట్టు ఎక్కకుండా.

"ఏం లేదమ్మా. దుమ్ము. అదిగో, ఆయన గోడ గీకుతున్నాడు."

"దుమ్మో ఏమో. ఏదీ, నోరు తెరువు."

"అమ్మా! మెట్ల మీదా?"

"మెట్ల మీదైతే ఏం? గొంతు ఇంట్లో పెట్టి వచ్చావా?"

గోడ గీకే మనిషి చేతిలో రేకు ఆపి మరీ చూస్తున్నాడు. బుల్లి తల బాదుకుని, తప్పదని నోరు తెరిచింది. తల్లి ఫోను వెలుగు పెట్టి లోపలికి చూసింది. ఏమీ కనబడలేదు. ఏమీ కనబడకపోవడం ఆమెను ఇంకా కంగారు పెట్టింది.

ఈ తల్లి సంగతి కొత్తగా చదివేవాళ్ళకు కాస్త చెప్పాలి. పన్నెండేళ్ళ కిందట ఆమె భర్త తెల్లవారుతుండగా లారీ తీసుకుని వెళ్ళాడు. ఆ రోజు ఆమెకు ఏ దిగులూ లేదు. కిటికీలోంచి చెయ్యి ఊపి, వెనక్కి వచ్చి, మళ్ళీ పడుకుని హాయిగా నిద్రపోయింది కూడా. అంత నిశ్చింతగా ఉన్న రోజే ఆయన తిరిగి రాలేదు. ఇక అప్పటినుంచి ఆమె భయపడటం ఒక్క పూట కూడా మానలేదు. తను భయపడుతూ ఉన్నంతసేపూ చెడు గుమ్మం దాటి లోపలికి రాదని ఎక్కడో లోలోపల ఒక లెక్క. కూతురు పది నిమిషాలు ఆలస్యమైతే ఆసుపత్రుల పేర్లు వరసగా మనసులో తిరిగేవి. ఫోను మోగితే ముందు కుర్చీ వెతుక్కునేది. కూర్చున్నాకే ఎత్తేది.

చేసేది కుట్టుపని. బృందం ఉన్నన్నాళ్ళూ నలుగురి వేదిక దుస్తులూ ఆమె చేతి మీదుగానే వెళ్ళేవి. నడుము దగ్గర ఎవరికి ఎంత బిగించాలో, చంకలో ఎంత గుడ్డ వదలాలో చూడకుండా చెప్పగలదు.

రికార్డింగు మాస్టారు తలుపు తీశాడు. ఆయన యాభై దాటిన మనిషి. చెవులు మాత్రం పాతికేళ్ళ కుర్రాడివి అని అందరూ అంటారు.

"రా చెల్లమ్మా, రా. ఇవాళ ఏ ఉపద్రవానికి సిద్ధమై వచ్చావు? ఏదీ, సంచి చూపించు."

"నవ్వండి అన్నయ్యగారూ, నవ్వండి. పోయినసారి మీ కరెంటు పోతే ఎవరి టార్చి లైటు వాడారు?"

"నీదే. ఒప్పుకున్నా. పిన్నీసులు, దగ్గు బిళ్ళలు, వేడినీళ్ళ ఫ్లాస్కు, టార్చి. నిచ్చెన ఒక్కటే తక్కువ, అదీ తెచ్చుకుంటే ఈ మేడ కాలిపోయినా మనం దిగిపోవచ్చు."

"అపశకునం మాటలొద్దండీ," అంది ఆమె. అని, కిటికీ నేలకు ఎంత ఎత్తులో ఉందో ఒకసారి చూసుకుంది.

ఆ చోట రెండు గదులు. బయటి గదిలో మాస్టారి బల్ల, తెర, రెండు పెద్ద స్పీకర్లు, గోడవారగా ఒక పాత సోఫా. దాని ఎదురుగా గాజు అద్దం. అద్దం అవతల లోపలి గది. నాలుగు గోడలకూ మందపాటి స్పాంజి, మధ్యలో ఒక్క మైకు. పాడేవాళ్ళు అందులో నిలబడి తలుపు వేసుకుంటే గొంతు చించుకున్నా ఇవతలికి చీమ చిటుక్కుమన్న చప్పుడు రాదు. మైకులోంచి రావలసిందే.

తల్లి సోఫాలో కూర్చుని శుక్రవారానికి వేసుకునే నీలం గౌను ఒళ్ళో పరుచుకుంది. కింది అంచు ఇంకా రెండు జానలు మిగిలింది. బుల్లి మాస్టారి పక్క కుర్చీలో చేరింది. తెర మీద నాలుగు వరసలు. ఒక్కొక్క గొంతుకు ఒక్కొక్కటి. పై వరస పసుపు, అది బుల్లిది. మధ్యలో రెండూ కవలలవి. అన్నిటికన్నా కింద, నాలుగోది, నీలం, పొడుగుది.

"ఇదిగో, ఒక్కొక్కళ్ళనీ దించేస్తా," అన్నాడు మాస్టారు.

పాట మొదలైంది. ఈ ఊళ్ళో ఆ పాట రాని ఆటో లేదు. మాస్టారు ఒక మీట నొక్కాడు. కవలల్లో పెద్దది మాయమైంది. ఇంకోటి నొక్కాడు. చిన్నది పోయింది. పాట పలచబడింది. మిగిలినవి రెండు గొంతులు, ఒకదాని భుజం మీద ఇంకోటి చెయ్యి వేసుకుని నడుస్తున్నట్టు. బుల్లి మొహం గట్టిపడింది.

"ఇక ఈవిడగారు," అని మాస్టారు నాలుగో మీట మీదికి వేలు తీసుకెళ్ళాడు.

"ఒక్క నిమిషం మాస్టారూ. దాన్ని తీసెయ్యకముందు, అదొక్కటే వినిపించరా? ఒక్కసారి."

"వద్దులేవే," అంది తల్లి సోఫాలోంచి. "ఎందుకు మళ్ళీ మనసు పాడు చేసుకోవడం? పోయినదేదో పోయింది."

"నాకు వినాలనుందమ్మా."

ఈ నాలుగు నెలల్లో బుల్లి నోట పొడుగు పేరు వినబడితే అది తిట్టుతోనే వినబడేది. ఒకే మంచం మీద పడుకుని, ఒకే దువ్వెనతో దువ్వుకుని, ఆరేళ్ళు తిరిగిన మనిషి ఒక మధ్యాహ్నం పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. ఫోను నంబరు మార్చేసింది. బుల్లి మొదటి నెల ఏడ్చింది, రెండో నెల కోపం తెచ్చుకుంది, మూడో నెల పాట రాసింది. "చెప్పకుండా వెళ్ళావుగా, చెయ్యైనా ఊపలేదుగా" అన్న ఆ పాటే ఇప్పుడు రేడియోలో గంటకోసారి వస్తోంది. శుక్రవారం కచేరీ మొదలయ్యేది కూడా దానితోనే.

మాస్టారు మిగతా అన్నీ ఆపి, నీలం వరస ఒక్కటే వదిలాడు.

వాద్యాలు లేవు. తాళం లేదు. ఒంటరి గొంతు, ఊపిరి పీల్చుకోవడంతో సహా. పై స్థాయికి వెళ్ళేముందు చిన్నగా ఆగి, గుటక వేసి, అప్పుడు ఎక్కుతోంది. ఆ గుటక తల్లికి బాగా తెలుసు. మెడ కొలత తీస్తున్నప్పుడు టేపు కింద కదిలిన గుటక అది. గుటక వేసినప్పుడల్లా ఆ పిల్ల మొహం చిట్లించుకోవడం చూసి, "ఏమిటే, నొప్పా?" అని మొదట అడిగింది ఆమే. చెయ్యి పట్టుకుని గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందీ ఆమే.

పాట అయిపోయింది. బుల్లి బల్ల మీద తల ఆనించి ఉంది, భుజాలు కదులుతున్నాయి. అది చూసి మాస్టారు ఆపే మీట మీద పెట్టిన వేలు వెనక్కి తీసుకున్నాడు. ఖాళీ గది తాలూకు సన్నని హోరు స్పీకర్లలో సాగుతూనే ఉంది.

తరువాత పొడుగు బయటికి వెళ్ళిన అడుగుల చప్పుడు. బరువైన తలుపు మళ్ళీ తెరుచుకుని మూసుకున్న శబ్దం. చిన్న దగ్గు, ఎవరో గొంతు సవరించుకున్నట్టు.

తల్లి చేతిలో సూది వేలిలో దిగింది. ఆ దగ్గు ఎవరిదో గదిలో అందరికన్నా ముందు ఆమెకే తెలిసింది.

"అన్నయ్యగారూ, టీ తాగొద్దామా?" అంటూ లేచింది. గౌను కింద పడింది. "ఆపెయ్యండి, బుల్లి కూడా అలిసిపోయింది, కాస్త టీ..."

"ఉండు చెల్లమ్మా, ఇదేమిటో..." అన్నాడు మాస్టారు, తల పక్కకు వంచి.

స్పీకర్లు మాట్లాడాయి.

"ఇక్కడైతే మంచిదండీ. ఈ గదిలో ఏం మాట్లాడుకున్నా బయటికి పోదట."

"చెప్పండమ్మా, త్వరగా. నాకు అవతల పనుంది." అది మేనేజరు గొంతు.

"ఇకమీదట ఒక్కళ్ళనే ఉంచుతారట కదండీ. పొడుగునే అనుకుంటున్నారని..."

"ఇంకా తేల్చలేదు. కానీ పైవాళ్ళకు ఆ అమ్మాయి గొంతే నచ్చింది. నిజం చెప్పాలంటే నాకూ అంతే."

బల్ల మీంచి బుల్లి తల ఎత్తింది.

"దాని గొంతు బాగాలేదండీ."

"అంటే?"

"లోపల తీగ మీద కాయలా లేచింది. ఆవగింజంత. ఆరు వారాలు నోరు మెదపొద్దన్నాడు డాక్టరు, గుసగుసలు కూడా వద్దన్నాడు. నేనే తీసుకెళ్ళాను. మీకు తెలిస్తే తీసేస్తారని దాచింది. పెద్ద కచేరీలు పెట్టుకుని, తీరా ఆ రోజుకి గొంతు రాకపోతే మీకే నష్టం కదండీ."

"కాగితం ఏమన్నా ఉందా?"

చేతిసంచి కొక్కెం తెరుచుకున్న టిక్కుమనే చప్పుడు. కాగితం మడత విప్పిన చప్పుడు. అంత ఖరీదైన మైకు ఏ చిన్న శబ్దాన్నీ వదల్లేదు.

"నా దగ్గర దాచమని ఇచ్చింది. నేను చెప్పానని మాత్రం ఎవరికీ తెలియనివ్వకండి. మా అమ్మాయికి అస్సలు తెలియకూడదు. అదంటే మా బుల్లికి ప్రాణం."

అడుగులు. తలుపు. మళ్ళీ హోరు. ఇంతలో ఇంకెవరో హడావిడిగా లోపలికి వచ్చి, నీళ్ళు గుక్క తాగి, మైకు దగ్గరికి జరిగారు.

"మాస్టారూ, ఉన్నారా? ఇంకోసారి పాడనా? ఆ చివర నాకు నచ్చలేదు. ఈసారి చూడండి, బుల్లి కుళ్ళుకుని చచ్చేట్టు పాడతా." అని పొడుగు నవ్వింది.

మాస్టారు ఆపాడు.

"ఆ రోజు రికార్డింగు ఆపకుండా టీకి వెళ్ళానన్నమాట," అన్నాడు, ఎవరితోనూ కాదు. తరువాత, "నేను... కింద ఉంటా," అని లేవబోయాడు.

"కూర్చోండి మాస్టారూ. మళ్ళీ వెయ్యండి," అంది బుల్లి.

"బుల్లీ, వద్దమ్మా..."

"మళ్ళీ వెయ్యండి."

రెండోసారీ అంతా విన్నారు. ఈసారి తల్లికి తన మాటలు తనవిగా అనిపించలేదు. వినయంగా, మర్యాదగా, అండీ అండీ అంటూ ఒక ఆడమనిషి నిదానంగా ఒక పిల్ల గొంతు కోస్తోంది.

బుల్లి కుర్చీ తిప్పుకుంది. కేకలు పెడుతుందేమో, వస్తువులు విసురుతుందేమో అని తల్లి ఎదురుచూసింది. అలా చేసినా బాగుండేది.

"అది వెళ్ళిపోయిన రోజు సాయంత్రం నేను ఇంటికొచ్చి ఏడుస్తుంటే నువ్వు నాకు తల దువ్వావు. గుర్తుందా?"

"బుల్లీ..."

"దువ్వుతూ ఏమన్నావు? 'అలాంటివాళ్ళు అంతేనే, అవసరం తీరాక వెళ్ళిపోతారు' అన్నావు. అన్నావా లేదా?"

"అన్నాను."

"ఎలా వచ్చిందమ్మా ఆ మాట నీ నోట? చెయ్యి వణకలేదే! చిక్కు కూడా నొప్పెట్టకుండా తీశావు."

"నీకోసమేనే," అంది తల్లి. "నువ్వు చదువు మానేసి ఇందులో దిగావు. రేపు నిన్ను పొమ్మంటే ఏం చేస్తావు? నా కళ్ళు ఎన్నాళ్ళు కనిపిస్తాయి, నేను ఎన్నాళ్ళు కుడతాను? నాకు ఏమైనా అయితే నువ్వు ఒక్కదానివి... దానికైతే అంత మంచి గొంతు, ఎక్కడైనా బతికేస్తుందనుకున్నా. డాక్టరు కూడా నోరు మూసుకుని ఉంటే తగ్గుతుందన్నాడు. పని లేకపోతే ఊరికే కూర్చుంటుంది, తగ్గిపోతుంది, దానికీ మంచిదే అనుకున్నా."

"దానికి మంచి చేశావా?"

"అలా అనుకున్నానే. అనుకోకపోతే ఆ మాట నోరు దాటేది కాదు."

"ఊళ్ళో వాళ్ళంతా దాన్ని తిడుతున్నారమ్మా, నా పాట విని. నేనే తిట్టించాను. అది ఎక్కడో కూర్చుని వింటూనే ఉండుంటుంది." బుల్లి కుర్చీలోంచి లేచింది. "ఇది విను. ఇకమీదట నా దగ్గర ఇంకొక్క సంగతి, గోరంత సంగతి దాచావని తెలిసిందో, నీకు కూతురు లేదు. నిజంగా అంటున్నాను. నీకు భయపడటం అలవాటు కదా, దీనికి భయపడు."

తల్లి తల ఊపింది. కింద పడ్డ గౌను తీసి సోఫా మీద వేసింది. వేలి రక్తం దాని మీద రెండు చుక్కలుగా పడి ఉంది. అలవాటుగా ఉమ్మితో తుడవబోయి ఆగిపోయింది. ఆ పని ఇప్పుడు చెయ్యడం సిగ్గుగా తోచింది.

అప్పుడే తలుపు తోసుకుని మేనేజరు వచ్చాడు. ముందు ఆయన, వెనక సెంటు వాసన, ఆ వెనక పొడుగు.

"ఏమిటి అందరూ చావింట్లో కూర్చున్నట్టున్నారు? పాపా, అయిందా? ఈ అమ్మాయి ఒక సంతకం పెట్టాలి, తన గొంతు తీసెయ్యడానికి అభ్యంతరం లేదని. రెండు నిమిషాల పని." ఆయన ఫోను మోగింది. "మీరు కానివ్వండి," అని కాగితం బల్ల మీద పెట్టి వరండాలోకి వెళ్ళిపోయాడు.

పొడుగు చిక్కిపోయింది. బట్టలు ఎంత వదులయ్యాయో తల్లి కళ్ళు వాటంతట అవే కొలిచాయి. నడుము దగ్గర రెండంగుళాలు, భుజం దగ్గర ఒకటి. మెడకు పల్చటి గుడ్డ చుట్టుకుని, చేతిలో చిన్న పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు పట్టుకుని ఉంది. అందరినీ చూసి కాస్త నవ్వింది. ఎవరినీ పలకరించలేదు.

"మాట్లాడవేం?" అంది బుల్లి. తరువాత పుస్తకం చూసింది. పెన్సిలు చూసింది. "మాట్లాడవేమే?"

పొడుగు రాసి తిప్పి చూపించింది: *రావట్లేదు.*

పొడుగు నోరు మూసుకుని ఊరికే కూర్చోలేదు. ఎలా కూర్చుంటుంది? తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి ఎక్కడున్నాడో ఆయనకే తెలియదు. బృందం గదిలోంచి వెళ్ళగొట్టాక హోటల్లో రెండు పూటలా పాడే పనికి కుదిరింది. మూడు నెలలు పాడింది. ఒకరోజు పాట మధ్యలో గొంతు ఆగిపోయింది. మళ్ళీ రాలేదు. ఇదంతా నాలుగు ముక్కల్లో రాసి చూపించి, పుస్తకం మూసింది.

బుల్లి ఒక్క ఉదుటున వెళ్ళి ఆమెను పట్టుకుంది. బుల్లి తల పొడుగు గుండెల దాకానే వస్తుంది. ఎప్పుడూ అంతే. "అమ్మే చెప్పింది," అంది, ఆ గుడ్డలో మొహం దాచుకుని. "మేనేజరుకి అమ్మే చెప్పింది. ఇప్పుడే తెలిసింది నాకు. నీ డాక్టరు చీటీ తీసి ఇచ్చింది."

తల్లి సోఫా చివర కూర్చుంది.

పొడుగు ఒక చేత్తో బుల్లి వీపు నిమురుతూ, ఇంకో చేత్తో అద్దానికి పుస్తకం ఆనించి రాసింది. *తెలుసు.*

"ఎప్పుడు తెలిసింది?"

*ఆ రోజే. ఆయన బల్ల మీద నా చీటీ ఉంది. పిన్ని మడత పెట్టే తీరు నాకు తెలియదా?*

అవును. గుడ్డయినా కాగితమైనా తల్లి మూడు మడతలు పెట్టి, అంచు లోపలికి తోస్తుంది. ఇంకెవరూ అలా పెట్టరు.

"తెలిసి కూడా నాకు చెప్పలేదేం?" బుల్లి ఆమెను కుదిపేసింది. "నాలుగు నెలలు నిన్ను తిట్టుకున్నానే! ఊరంతా పాడుకునేలా తిట్టాను! ఒక్క ఫోను చేసి, ఒక్క మాట చెబితే ఏం పోయేది నీకు?"

పొడుగు ఏదో రాసి కొట్టేసింది. ఇంకేదో రాసి, అదీ కొట్టేసింది. చివరికి రాసింది చూపించడానికి కూడా కాస్త వెనకాడింది.

*నీకు అమ్మ ఉంది. ఉండనీ అనుకున్నా.*

మాస్టారు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టి, తుడుస్తూనే ఉండిపోయాడు.

తల్లి చదివింది. పెద్ద చదువు చదవలేదు, అయినా ఆ రెండు ముక్కలూ చదవడానికి ఆమెకు అంతసేపు పట్టడానికి కారణం అది కాదు. ఈ పన్నెండేళ్ళలో జరగగల ప్రతి చెడునూ ఆమె ముందే తలుచుకుంది. బస్సులు బోల్తాపడటం, గ్యాసు పేలడం, వేదిక కూలడం, అన్నీ. తన చేతుల మీదుగా ఒక పిల్లకు చెడు జరగడం మాత్రం ఏనాడూ ఆమె ఊహకు అందలేదు.

"పిన్నీ అనకే నన్ను," అంది. "రాతలో కూడా అనకు."

పొడుగు బల్ల మీది కాగితం మీద గబగబా సంతకం చేసేసింది. బుల్లి లాక్కోబోయింది.

"నేను పాడను. నీ గొంతు తీసేసిన పాట నేను పాడను. శుక్రవారం కూడా పాడను, ఏం చేసుకుంటారో చేసుకోమను."

*పాడు,* అని రాసింది పొడుగు. దాని కింద గీత గీసింది. *వినడానికే వచ్చా. సంతకానికి కాగితం ఇంటికి పంపమన్నా పంపేవాళ్ళు.* బుల్లి ఇంకా కదలకపోతే, భుజాలు పట్టుకుని తిప్పి, గాజు గదిలోకి తోసి తలుపు వేసింది. ఆరేళ్ళుగా ప్రతి రికార్డింగు ముందూ అలాగే తోసేది. వేదిక భయంతో బుల్లి గుమ్మంలో కాళ్ళు బిగించేది, పొడుగు వెనకనించి ఒక్క తోపు తోసేది.

అద్దం అవతల బుల్లి మొహం తుడుచుకుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. మాస్టారు నాలుగో మీట నొక్కాడు. నీలం వరస తెర మీద బూడిద రంగులోకి మారిపోయింది.

బుల్లి పాడటం మొదలుపెట్టింది. నలుగురు పాడిన పాటను ఒక్కతే పాడుతోంది. ఎన్నడూ తనది కాని పై స్థాయికి వచ్చేసరికి కళ్ళు మూసుకుని, చిన్నగా ఆగి, గుటక వేసి, అప్పుడు ఎక్కింది. ఆ తీరు తనది కాదు. ఎవరి దగ్గర నేర్చుకుందో ఆ గదిలో అందరికీ తెలుసు. పొడుగు పెదవులు చప్పుడు లేకుండా పాటతో పాటే కదులుతున్నాయి.

తల్లి సోఫా చివర కూర్చుని ఉంది. పొడుగు వచ్చి ఆమె పక్కన కూర్చుంది. చాలా దగ్గరగా, మోకాలు మోకాలికి తగిలేటట్టు. అంత దగ్గరతనం తల్లి భరించలేకపోయింది. జరగబోయింది. పొడుగు ఆమె చేతిలో ఒక కాగితం పెట్టింది. ఇక్కడ రాసింది కాదు. ఇంటి దగ్గరే రాసుకుని, మడిచి తెచ్చుకున్నది.

*పిన్నీ, శుక్రవారం సాయంత్రం నా గొంతు ఆపరేషను. మాట వస్తుందంటున్నారు, పాట సంగతి చెప్పలేమంటున్నారు. ఇంటి మనిషి సంతకం కావాలట. నాకు ఇంకెవరూ లేరు. నువ్వు రా. బుల్లికి మాత్రం చెప్పకు. తెలిస్తే కచేరీ వదిలేసి వచ్చేస్తుంది. దానికి మళ్ళీ ఇలాంటి రోజు రాదు. నీ మీద నాకు నమ్మకమే.*

అక్షరాలు అలుక్కుపోయాయి. తల్లి కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి చదివింది. ఆపరేషను అన్న మాట దగ్గర ఆమె మనసు అప్పుడే ఎక్కడెక్కడికో వెళ్ళి వచ్చింది. తెల్ల దుప్పటి, మత్తుమందు, తలుపు తీసుకుని బయటికి వచ్చి తల అడ్డంగా ఊపే డాక్టరు. శుక్రవారం సాయంత్రం. బుల్లి వేదిక ఎక్కేటప్పుడు మొదటి వరసలో తన కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఎందుకు రాలేదని అడిగితే అబద్ధం చెప్పాలి. చెప్పకపోతే...

పాట ఆగిపోయిందని ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

తల ఎత్తింది. అద్దం అవతల బుల్లి హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని నిలబడి ఉంది. మైకును చూడటం లేదు, మాస్టారిని చూడటం లేదు. తల్లి చేతిలోని కాగితాన్నే చూస్తోంది. సోఫా మీద, గౌను మడతల చాటున, పొడుగు చల్లటి వేళ్ళు తల్లి మణికట్టును వచ్చి పట్టుకున్నాయి. గట్టిగా బిగించాయి.

స్పీకర్లలోంచి గది నిండా బుల్లి గొంతు వచ్చింది.

"ఏం రాసిందమ్మా నీకు? పైకి చదువు."